సీటు వేఱు, చదువు వేఱు

వేసవి వచ్చినదనగానే మన గోదావరిఖని వీధులలో నొక ప్రశ్న బయలుదేరును. షిఫ్టు దిగి వచ్చు కార్మికులు దారిలో నిలిచి యొకరి నొకరు అడుగుకొనుచుందురు. బజారులోను, క్వార్టర్ల ముంగిళ్లలోను, ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట దేవాలయ ప్రాంగణములోను నదియే మాట. “మీ వానికి సీటు వచ్చినదా? మీ అమ్మాయికి ఎక్కడ వచ్చినది?” అని యడుగుదురేకాని, “మీ పిల్లవాడేమి చదువగోరుచున్నాడు? ఆ చదువు వానికి దగునా?” అని యడుగువారు మిక్కిలి యరుదు. సీటు వచ్చిన యింట మిఠాయి పంచుదురు. రాని యింట నెవరో గతించినట్లు మౌనముగా గూర్చుందురు. సీటు దొరకుటయే విద్య యనియు, దొరకకపోవుటయే జీవితభంగమనియు మన జనులు భావించుచున్నారు. సీటు దొరకుట వేఱనియు, చదువు నెంచుకొనుట వేఱనియు, మొదటిదానికై మనము పడు శ్రమలో సగమైనను రెండవదానికై పడవలయుననియు మా యభిప్రాయము. దానిని మా విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను, మిషనువారి యెదుటను ఈ సంచికాముఖమున నుంచుచున్నాము.

పూర్వకాలమున సీటు మాటకు నిజముగా విలువ యుండెను. 1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన తరువాత చాల కాలమువఱకు ఈ గోదావరీతీరమువారు పై చదువు చదువగోరినచో నంత దూరము పోవలసినదే. పిమ్మట క్రమక్రమముగా విద్యాలయములు మనకు దగ్గఱగా వచ్చినవి. 1959లో వరంగల్లున రీజనల్ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరిగెను. 1976లో నచ్చటనే కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడెను. 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయమును, 2010లో మన సెంటినరీ కాలనీలో, మంథని పేర, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు, 2022లో రామగుండముననే ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినవి. 2016 నుండి రాష్ట్రములోని డిగ్రీ ప్రవేశములు ‘దోస్త్’ అను నొక్క పద్ధతిక్రింద జరుగుచున్నవి. ఇంట గూర్చుండియే దరఖాస్తు పెట్టవచ్చును. ఏటేట డిగ్రీ కళాశాలలలో వేలకొలది సీట్లు నిండక మిగిలిపోవుచున్నవి. కాబట్టి నేటి కొఱత సీటుది కాదు; ఆలోచనది.

మన బొగ్గుగనుల ప్రాంతమున ఈ యాలోచన సాగనీయని పెద్ద యడ్డంకి యొకటి కలదు. దానిని గుఱించి మొగమోటము లేక చెప్పవలసియున్నది. అది తండ్రి యుద్యోగముపై గల యాశ. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుగొన్న నాటినుండి నేటివఱకు సింగరేణి యీ నేలకు అన్నము పెట్టుచున్నది. 1920లో నీ కంపెనీ యిప్పటి పేరు దాల్చెను. 1945లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము దీనిలో నధిక భాగమును కొనెను. 1960 తరువాత రామగుండము గనులు పెరిగి, అడవిగా నున్న చోట పట్టణము వెలసెను. తండ్రి బాయిలో దిగెను. ఆయన పిమ్మట కొడుకు దిగెను. ఆ కాలమున నది సహజమే. కాని లెక్కలు చూడుడు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికు లుండిరి. నేడు 40 వేల ప్రాంతమున నున్నారు. అప్పు డేటికి 2 కోట్ల టన్నులకు లోబడిన బొగ్గు 2023-24లో 7 కోట్ల టన్నులయ్యెను. బొగ్గు మూడింతలకంటె నెక్కువగా పెరిగినది, మనుష్యులు సగముకంటె తగ్గిరి. ఓపెన్‌కాస్టు గనులును, అద్రియాల లాంగ్‌వాల్ వంటి యంత్రపు గనులును, మట్టి తొలగించుపని గుత్తేదారులకు బోవుటయు దీనికి కారణములు. ఈ ప్రవాహము వెనుకకు మఱలునని మేము తలంపము.

వారసత్వపు టుద్యోగములను మఱల నెలకొల్పుటకు చేసిన ప్రయత్నమును 2017లో హైకోర్టు కొట్టివేసెను. నేడు మిగిలినది కారుణ్య నియామకము మాత్రమే. కార్మికుడు మరణించినను, లేక వైద్యమండలి యాతని పనికి దగడని నిర్ణయించి ‘అన్‌ఫిట్’ చేసినను, కుటుంబమున నొకరికి పని యిత్తురు. కష్టమున బడిన కుటుంబమున కిది గొప్ప యాదరువే. దానిని మేము నిందింపము. అయితే దీనినే తమ భవిష్యత్తునకు మార్గముగా నెంచి, ఇంటరుతో చదువు నాపి, సంవత్సరములకొలది యెదురుచూచుచున్న యువకులు మన బస్తీలలో గలరు. ఆ యెదురుచూపునకు అర్థమేమి? తన తండ్రి యెప్పుడు రోగియగునా యని కుమారుడు చూచుటయే కదా! తండ్రి శరీరము చెడినగాని తెఱువబడని తలుపును నమ్ముకొని, తెఱచియున్న తలుపులను మూసికొనుట ఏ కుటుంబమునకును తగదు. పని వచ్చిననాడు రానిండు. అంతవఱకు చదువు సాగవలయును. చదివినవాడు కారుణ్య నియామకము పొందినను వానికి నష్టమేమియు లేదు. లోపలనుండియే పై మెట్ల కెక్కుటకు చదువే వానికి తోడగును.

ఒక్క కర్మాగారమును నమ్మి చదువు నెంచుకొనుటలోని యపాయమును మన యూరే మనకు నేర్పియున్నది. రామగుండము ఎరువుల కర్మాగారము 1980లో నుత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతబడెను. రెండు దశాబ్దములు దాని గేట్లు తెఱువబడలేదు. 2021లో ఆర్.ఎఫ్.సి.ఎల్. పేర మఱల యూరియా తయారగుచున్నది, ఏటికి 12.7 లక్షల టన్నుల శక్తి గలదట. మూతబడిన నాడు పని పోగొట్టుకొన్న వారిలో చేతి విద్యయు, దానికి దగిన పత్రమును గలవారు మఱియొకచోట నిలదొక్కుకొనుట సులభమయ్యెను. ఆ గేటు పేరు తప్ప మఱేమియు లేనివారికి గడచుట కష్టమయ్యెను. కాబట్టి చదువు నెంచుకొను బాలుడు, “ఏ కంపెనీ నన్ను దీసికొనును?” అని గాక, “ఏ విద్య నన్ను పెక్కుచోట్ల నిలుపగలదు?” అని యడుగుకొనవలయును.

ఈ ప్రశ్న ఇంటరు పిమ్మట రాదు. పదవ తరగతి ముగియుచున్నప్పుడే వచ్చును. అందుచేతనే హైస్కూలు సంచికలో మేము దీనిని వ్రాయుచున్నాము. ఎం.పి.సి. చదివినవానికి వైద్యవిద్యకు బోవు నీట్ పరీక్ష దారి కష్టమగును, బై.పి.సి. చదివినవానికి ఇంజనీరింగు శాఖలలో పెక్కు దూరమగును. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవారు పనికిరానివారని యొక యపోహ గలదు. న్యాయశాస్త్రపు అయిదేండ్ల చదువునకు లాసెట్ వ్రాయుటకు ఏ గ్రూపైనను చాలును. పాలిసెట్ వ్రాసి డిప్లొమా చదివిన విద్యార్థి, ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా జేరవచ్చును. తండ్రి సంపాదన చాలని యింటి బిడ్డకు డిప్లొమా మంచి మార్గము. త్వరగా పని దొరకును, పై చదువునకు దారి మూయబడదు. బాసరలోని ఆర్.జి.యు.కె.టి. 2008 నుండి పదవ తరగతి మార్కుల ననుసరించి ఆఱేండ్ల చదువులో బాలురను చేర్చుకొనుచున్నది. ఇవి యన్నియు తెలిసికొనకయే, “పక్కింటి పిల్లవాడు ఎం.పి.సి. తీసికొన్నాడు, మనవాడు కూడ” అని నిర్ణయించుట గొఱ్ఱెదాటు గాక మఱేమి?

గొఱ్ఱెదాటున కింకొక యుదాహరణము కంప్యూటరు చదువు. ఆ శాస్త్రము గొప్పది. దానివలన మన పిల్లలు కొందఱు దేశ దేశములలో గౌరవముగా జీవించుచున్నారు. లెక్కలయందు ప్రీతియు, గంటలకొలది యొక చిక్కును విప్పు నోరిమియు గలవారు తప్పక దానిని జదువవలయును. కాని యీ రెండును లేనివానిని, శాఖ పేరు నలుగురిలో చెప్పుకొనుటకు బాగుండునని, ఊరు పేరు లేని కళాశాలలో డబ్బు కట్టి చేర్పించుట యేమి న్యాయము? విద్యుచ్ఛాస్త్రము, యంత్రశాస్త్రము, గనుల శాస్త్రము మన కండ్లయెదుటనే యున్నవి. 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రము మన పొరుగున నున్నది. సెంటినరీ కాలనీలోని కళాశాలలో గనుల ఇంజనీరింగు నేర్పుచున్నారు. 1970వ దశకమున కొత్తగూడెములో మొదలైన గనుల విద్యాలయము 2025లో డాక్టరు మన్మోహన్ సింగు పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా రూపొందెను. గని చదువు మగవారిదే యను మాటయు నిక చెల్లదు. 2019లో కేంద్ర ప్రభుత్వము స్త్రీలు భూగర్భగనులలో పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులు చేయుట కనుమతించెను. ఓపెన్‌కాస్టులో రాత్రి పనికిని నిబంధనలతో నొప్పుకొనెను.

ఇక డిగ్రీ చదువును గుఱించి. “ఏమియు రాక డిగ్రీలో జేరినాడు” అని చెప్పుట మన ప్రాంతమున నొక యలవాటైనది. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదివి గ్రూపు పరీక్షలలో నెగ్గి యధికారులైనవారు, ఉపాధ్యాయులైనవారు, బ్యాంకు పనులలో జేరినవారు మన రాష్ట్రమున నెందఱు లేరు? 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి. యను నొక్క పరీక్ష యేర్పడినందున, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటివానికిని మన బాలబాలికలు పోటీ పడవచ్చును. దోస్త్ దరఖాస్తు విషయమున మాత్ర మొక చిన్న జాగ్రత్త చెప్పెదము. ఆధారుతో గలుపబడిన ఫోను నంబరునకు ఓటీపీ వచ్చును. మన యిండ్లలో నా నంబరు తఱచుగా తండ్రిదై యుండును. భూగర్భగనిలోనికి ఫోను తీసికొనిపోరాదు. తండ్రి మొదటి షిఫ్టులో నుండగా బిడ్డ నెట్ సెంటరులో గూర్చుండి రాని సంఖ్యకై యెదురుచూచుట తటస్థించును. పరీక్షలు ముగిసిన వెంటనే విద్యార్థి నంబరునే ఆధారు కేంద్రమున గలిపించుకొన్నచో నీ చిక్కు తీరును.

ఎప్‌సెట్ కౌన్సెలింగు విషయమున నింతకంటె పెద్ద యపార్థము ప్రబలియున్నది. ర్యాంకు వచ్చినదే నిర్ణయ మనుకొనుచున్నారు. కాదు, ర్యాంకు పిమ్మట విద్యార్థి వ్రాసియిచ్చు వెబ్ ఆప్షనుల క్రమము నంతే ముఖ్యము. ఆ యంత్రము పని చేయు తీరు సులభమే. అది ర్యాంకు క్రమమున నొక్కొక్క విద్యార్థిని దీసికొని, వాడు వ్రాసిన పట్టికను మీదినుండి క్రిందికి జదివి, వాని వర్గమున మొదట ఖాళీగా నున్న సీటు నిచ్చును. దీనినుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: అందదేమో యని భయపడి, మనసు గోరిన కళాశాలను క్రింద వ్రాయరాదు. దానిని మీద వ్రాసినందున నష్టము లేదు. అందనిచో యంత్రము తరువాతిదానికి బోవును. రెండవది: ఇష్టము లేని దానిని ఇష్టమైనదానికంటె మీద వ్రాసినచో, అది దొరకిన పిమ్మట ఏడ్చి ప్రయోజనము లేదు. మూడవది: నాలుగైదు పేర్లు వ్రాసి ఊరకుండరాదు, గడచిన సంవత్సరము ఏ కళాశాలలో ఏ శాఖ యే ర్యాంకువఱకు నిండినదో ప్రవేశాధికారులు ప్రకటింతురు, దానిని జూచి తగినన్ని వ్రాయవలయును. రెండవ విడతలో మఱల ఆప్షను లిచ్చి కొత్త సీటు పొందినచో పాతది పోవునను సంగతి మఱవకుడు. చేతనున్నదానికంటె నిజముగా మేలైన వానినే రెండవ విడతలో వ్రాయవలయును.

ఈ పట్టికను మన యిండ్లలో నెవరు వ్రాయుచున్నారు? పెక్కుచోట్ల విద్యార్థి గాదు, తండ్రియు గాదు. చివరి దినమున నెట్ సెంటరులో గూర్చున్న యపరిచితుడొకడు, వెనుక నిలిచిన వరుస తరుగవలెనని, తనకు తోచిన పేర్లు నొక్కుచున్నాడు. నాలుగేండ్ల చదువును, లక్షల ధనమును, ఒక జీవితపు మొదటి మలుపును పది నిమిషములలో వానిచేత బెట్టుచున్నాము. పెండ్లి సంబంధమునకు పదిమంది నడిగి, మూడూళ్లు తిరుగు మనము, ఈ పని నిట్లు చేయుట వింత గాదా?

ధనము మాటయు దాచక చెప్పవలయును. క్రైస్తవులకు గోపురము గట్టబూనినవాని దృష్టాంతము తెలిసినదే. ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కింపనివాడు పునాది వేసి, పూర్తిచేయలేక నగుబాటు పాలగును. ఫీజు రీయింబర్సుమెంటు అందఱికిని వచ్చునని నమ్మి చేరువారు గలరు. వెనుకబడిన తరగతుల వారికి కుటుంబాదాయపు హద్దు పల్లెలలో ఏటికి 1,50,000 రూపాయలు, పట్టణములలో 2,00,000 రూపాయలు. సింగరేణి శాశ్వత కార్మికుని జీతము ఈ హద్దును దాటును. కావున నాతని బిడ్డ రుసుము నాతడే భరింపవలయును. కాంట్రాక్టు కార్మికుని బిడ్డకు అర్హత యుండవచ్చును గాని, ఎప్‌సెట్‌లో 10,000 దాటిన ర్యాంకు వచ్చిన వెనుకబడిన తరగతుల విద్యార్థికి ప్రభుత్వమిచ్చునది సాధారణముగా 35,000 రూపాయలవఱకే యనునది నిబంధన. తక్కినది యింటినుండి రావలయును. ప్రైవేటు కళాశాలలలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటా, 30 యాజమాన్యపు కోటా. యాజమాన్యపు సీటునకై భవిష్య నిధి తీసి, భార్య మెడలోని బంగారము తాకట్టు పెట్టుటకు ముందు, ఆ కుటుంబ మొక్క సాయంకాలము కూర్చుండి నాలుగేండ్ల రుసుము, హాస్టలు, పుస్తకములు, రాకపోకలు కాగితముపై వ్రాసికొనవలయును. తప్పనిసరియైనచో వడ్డీ వ్యాపారి గుమ్మము త్రొక్కక బ్యాంకు నడుగుడు. 7,50,000 రూపాయలవఱకు విద్యాఋణమునకు సాధారణముగా ఆస్తి తాకట్టు అక్కఱలేదు.

పత్రముల విషయమున రెండు మాటలు. మొదటిది స్థానికత. మన ప్రాంతమునుండి పిల్లలను ఇంటరు చదువునకై విజయవాడ, గుంటూరుల కంపువారు గలరు. తెలంగాణమున వైద్యవిద్యకు స్థానికుడనిపించుకొనవలెనన్నచో, అర్హత పరీక్షతో ముగియు నాలుగు సంవత్సరములు వరుసగా ఈ రాష్ట్రముననే చదివియుండవలెనని నియమము. కొన్ని మినహాయింపులు దక్క 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు దానిని సమర్థించెను. పేరుగల కళాశాలలో చేర్చితిమను సంతోషమున, సొంత రాష్ట్రములో పరస్థానికుడగు బిడ్డను గుఱించి యాలోచింపుడు. రెండవది మన సంఘములలో మెల్లగా మాటాడుకొను విషయము. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారును వారి సంతతియు మన రాష్ట్రమున బి.సి.-సి వర్గమునకు జెందుదురు. వారికి ప్రత్యేకించిన భాగము నూటికి 1 మాత్రమే. షెడ్యూల్డు తెగలవారికి మతము మాఱినను తెగ పోదు. ఈ నియమము న్యాయమా కాదా యనుటపై మనకు దృఢమైన యభిప్రాయములు గలవు. వానిని చెప్పవలసిన స్థలములలో బహిరంగముగా చెప్పవలయును. కాని బిడ్డ చదువును అసత్యపు పత్రముపై నిలుపరాదు. అది యేనాటికైనను కూలును. కూలినపుడు తండ్రి మీద గాక బిడ్డ మీద బడును. సత్యమైన పత్రమును పరీక్షలకు ముందే మీసేవలో తీసికొనుడు.

దళారుల మాట యిక వేఱుగ చెప్పనేల? ఫలితములు వచ్చిన మఱునాడే బెంగుళూరినుండియు, మఱియెచ్చటనుండియో ఫోనులు వచ్చును. “సీట్లు రెండే మిగిలినవి, నేడే బయానా పంపుడు” అందురు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము దొంగ విశ్వవిద్యాలయముల పట్టికను బహిరంగముగా ప్రకటించుచుండును; ఇంజనీరింగు కళాశాలలకు అఖిలభారత సాంకేతిక విద్యామండలి, నర్సింగునకు భారత నర్సింగు మండలి గుర్తింపు గలదా యని యెవరైనను జూచుకొనవచ్చును. అసలు పత్రములను కళాశాలవారు తమయొద్ద నిలుపుకొనరాదని 2018లోనే నిధుల సంఘము చెప్పియున్నది. పత్రము లిచ్చి చిక్కుకొనిన పిల్లలు, చదువు మానలేకయు మాఱలేకయు పడు బాధ మే మెఱుగుదుము.

కుమార్తెల చదువును గుఱించి యొక మాట చెప్పనిదే మా మనస్సు నిలువదు. కొడుకునకు హైదరాబాదు, కూతునకు నడిచిపోగల కళాశాల యను ధర్మము మన క్రైస్తవ కుటుంబములలోను గలదు. దగ్గఱి కళాశాల చెడ్డదని కాదు. అందు ఆమె కోరిన చదువున్నచో మంచిదే. దగ్గఱగా నున్నదను నొక్క కారణముచే నామెకు తగని చదువు నంటగట్టుట మాత్రమే యన్యాయము. వెల్లూరులో ఐడా స్కడ్డరమ్మ 1918లో స్త్రీలకొఱకే వైద్యపాఠశాల నారంభించినపుడు ఆడపిల్లలకీ చదువేల యనినవారు కొందఱు గాదు. ఆ పాఠశాలయే దేశమంతయు నెఱిగిన వైద్యకళాశాలయై, 1947నుండి పురుషులనుగూడ చేర్చుకొనెను. స్త్రీలకొఱకు వేసిన పునాదిమీదనే పురుషులును నిలిచిరి. ఈ చరిత్ర గల సంఘము తన కుమార్తెలను వెనుక నుంచుట సిగ్గుచేటు.

“పదునైదేండ్ల బాలునకేమి తెలియును? పెద్దలము మేమే నిర్ణయింపవలదా?” అని కొందఱు తలిదండ్రు లడుగుచున్నారు. ఈ ప్రశ్నలో న్యాయము గలదు. ధనము మీది, శ్రమ మీది, లోకానుభవము మీది. కాని చదువవలసినవాడు బిడ్డ. వ్యయమును లెక్కించుట తండ్రి పని. ఈ బిడ్డకు ఏ పాఠము సులువుగా వచ్చునో, దేనికడ తొట్రుపడునో చెప్పుట ఉపాధ్యాయుని పని. “నాకిది యిష్టము, దీనికై నేను కష్టపడుదును” అని చెప్పుట బిడ్డ పని. ఈ మువ్వురిలో నెవరు తమ పని మానినను నిర్ణయము వంకరగును. “నీ యిష్టము” అని తండ్రి తప్పుకొనుటయు ప్రేమ కాదు, “నోరు మూసికొని చేరు” అని యదలించుటయు పెంపకము కాదు.

ఉపాధ్యాయుల వంతును మేము దాటవేయము. మార్కులు దెప్పించి, గేటు దాటించి, చేతులు దులుపుకొనుట చాలదు. శిక్షణ కళాశాలలో పాఠము చెప్పుట నేర్చితిమి గాని, ఒక బాలుని చేయిపట్టి తరువాతి బడి గుమ్మమువఱకు తీసికొనిపోవుట అనుభవమే నేర్పవలసియున్నది. కాబట్టి మిషనువారికి మా విన్నప మిది. ప్రతి మిషను హైస్కూలులో జనవరి మొదలుకొని వారమున కొక గంట ఈ విషయమునకే యేర్పఱుపవలయును. తలిదండ్రుల షిఫ్టులు వేఱువేఱు గనుక ఉదయ మొకమాఱు, సాయంత్ర మొకమాఱు జరుపవలయును. డిప్లొమా, నర్సింగు, న్యాయము, వ్యవసాయము, డిగ్రీ చదువుచున్న మన పూర్వ విద్యార్థులను పిలిపించి, వారి నోట వినిపింపవలయును. పదవ తరగతి బాలబాలిక లందఱును ఒక నోటు పుస్తకములో తమ కిష్టమైన మూడు చదువులు, వాని ప్రవేశమార్గము, కాలము, వ్యయము స్వహస్తముతో వ్రాసి తండ్రిచేతను తల్లిచేతను సంతకము చేయింపవలయును. ఇందునకు గొప్ప నిధి యక్కఱలేదు. ఒక గది, కొన్ని బల్లలు, ఓపిక గల యిద్దఱు ఉపాధ్యాయులు చాలుదురు.

విద్యార్థులారా, మీ తండ్రులు చీకటిలో దిగి మీకు వెలుగును సంపాదించుచున్నారు. ఆ వెలుగులో మీ దారిని మీరు చూచుకొనకపోయినచో వారి చెమట వ్యర్థము. మీకు ఇయ్యబడిన తలాంతు ఒకటే కావచ్చును, అయిదు కావచ్చును. దానిని పాతిపెట్టకుడు, పొరుగువాని తలాంతును జూచి యసూయపడకుడు. ఫలితములు వచ్చు దినమున మిమ్ము “సీటు వచ్చినదా?” అని యడుగుదురు. “వచ్చినది” అని గాని “రాలేదు” అని గాని చెప్పి యూరకుండక, “నేను చదువదలచినది యిది, ఇందువలన” అని స్థిరముగా చెప్పగలుగుడు. అట్లు చెప్పగలవానికి మొదటి విడతలో కాకున్న రెండవ విడతలో, ఈ యేడు కాకున్న వచ్చు నేడు దారి దొరకును. సర్వశక్తుడగు దేవుడు మీ యెన్నికలకు వివేకమును, మీ శ్రమకు ఫలమును దయచేయుగాక.